అడగని సంగతి

2014లో కొన్న మా క్యామ్రీ హైబ్రిడ్‌ను కోరుట్లలో ఉండే మా ఆడపడుచు కొడుక్కి అమ్ముదామనుకున్నాం. బ్యాటరీ గురించి గుచ్చిగుచ్చి అడిగాడు గానీ గేరుబాక్సు ఊసెత్తలేదు. దాని ఆయిలు మేమొక్కసారీ మార్పించలేదు.

"అడగంది చెప్పడమెందుకే?" అన్నారు మావారు.

1997లో జపానులో ప్రియస్‌తో వచ్చిన ఏర్పాటే ఇదీనూ. క్లచ్చి ఉండదు, ఇంజన్నీ రెండు మోటార్లనీ పళ్లచక్రాలే కలుపుతాయి. ఆ చక్రాలకీ మోటార్లకీ ఆయిలే చలవ. అది పాతబడినా బండి నోరెత్తదు. మా పుట్టిల్లు సిరిసిల్లలో సాంచాలే నయం (మరమగ్గాలు లెండి), నూనె తగ్గితే వీధంతా వినబడేది.

అడగనిది చెప్పకపోవడం అబద్ధమా? కాదనే సర్దుకున్నాను, ఒక పూట. మా అమ్మాయి పెళ్లప్పుడు, మేమడగలేదని వియ్యాలవారు అప్పులు దాచారంటూ ఏడాది తిట్టిన నోరు నాది!

జగిత్యాలలోనే మెకానిక్కు ఆయిలు దించాడు. డికాక్షనులా ఉంది. సీసాలో పట్టించాను. కొత్తది పోశాక, సీసా ఒళ్లో పెట్టుకుని, బండి కోరుట్లకే పోనివ్వమన్నాను మావారిని.