శేషభాగము

లెక్క తప్పుట వేఱు, లెక్కలో అన్యాయము జరుగుట వేఱు. కూడికలు, తీసివేతలు సరిగా నున్నను, చేర్చవలసిన పద్దును చేర్చనియెడల ఆ లెక్క అసత్యమే యగును. ఈ సంగతిని సంభావ్యతాగణితమునందలి మిక్కిలి చిన్న సూత్రమొకటి చక్కగా బోధించుచున్నది.

ఒక కార్యమునకు కలుగదగిన ఫలములన్నిటిని వరుసగా వ్రాసి, ఒక్కొక్కదాని సంభావ్యతను దాని కెదురుగా నుంచినచో, వాని మొత్తము 1 కావలెను. ఏదియు 0 కంటె తక్కువ కారాదు. సూత్ర మింతియే. కర్నూలు, కడప మండలములలో వానను నమ్మి జొన్న విత్తు రైతును తలచుకొందము. ఎకరమునకు 6 బస్తాలు పండు ఏడు పదింట 2 పాళ్లు, 4 బస్తాల యేడు 4 పాళ్లు, 2 బస్తాల యేడు 3 పాళ్లు అని యూహింతము. ఏమియు పండని యేటి పాలు కాగితముపై చెరిగిపోయినది. చింతింప నక్కఱలేదు. 2, 4, 3 కలిసి 9. పదింట మిగిలినది 1. ఆ పాలే కరవుది.

రెండు పాళ్లు చెరిగినచో ఈ యుపాయము చాలదు. 4 బస్తాల పాలును, 2 బస్తాల పాలును తెలియవనుకొందము. రెండును కలిసి 7 అని మాత్రమే తేలును. సగటున ఏటికి 3.4 బస్తాలు, అనగా పదేండ్లకు 34, అని మఱియొక సాక్ష్యము దొరికినయెడల దారి కానవచ్చును. 6 బస్తాల రెండేండ్లకు 12 పోగా 22 మిగులును. ఏడేండ్లును రెండేసి బస్తాలే పండినచో వచ్చునవి 14, కొఱత 8. నాలుగు బస్తాల యేడు ఒక్కొక్కటి రెండు బస్తాలు అధికముగా తెచ్చును గనుక అట్టివి 4, తక్కినవి 3. ఇట్లు తెలియని దొక్కొక్కటి పెరిగినకొలది, వేఱొక సాక్ష్య మవసరమగును.

ఇక నీతివిషయము. లెక్క వ్రాయువాడు ఏమియు పండని యేటిని జాబితాలోనే చేర్చలేదనుకొందము. అపుడు మిగిలిన పాలును తెచ్చి 2 బస్తాల యేటికి కలుపును. మొత్తము 1 అగును. గణితజ్ఞుడు తప్పు పట్టజాలడు. కాని ఆ లెక్కను నమ్మి గాదె ఖాళీచేసికొన్న కుటుంబము పస్తుండును. తీసివేత సత్యము చెప్పవలెనన్న, తీసివేతకు ముందు జాబితా సంపూర్ణము కావలెను. జాబితాను సంపూర్ణము చేయుట గణితముయొక్క పని కాదు, మనస్సాక్షియొక్క పని.

ఇది యూహామాత్రము కాదు. 1876–78 నాటి ధాత కరవులో ఈ మండలములు ఘోరముగా నష్టపోయినవి. 1871 జనాభా లెక్కనుండి 1881 లెక్కను తీసివేసినచో కర్నూలు మండలమున సుమారు నాలుగవవంతు జనము కానరాదు. ఆ శేష మొక్క సంఖ్య. దానిలో దాగిన తెలియని సంఖ్యలు మాత్ర మనేకములు. ఆకలిచే మరణించినవా రెందఱు, మశూచి కలరాలచే మరణించినవా రెందఱు, ఊరు విడిచినవా రెందఱు, కరవుచేత పుట్టకుండ పోయిన శిశువు లెందఱు? మరణముల నమోదు సరిగా సాగని కాలములో వీనిని విడదీయ నొక్క తీసివేత చాలదు. శేషమంతయు మృతులే యనుట యెంత తప్పో, వలసపోయిరని దులుపుకొనుటయు నంతే తప్పు.

నాటి బళ్లారి మండలములోని హడగళిలో 1920లో జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో ప్రకటించిన సిద్ధాంతముయొక్క సారము గూడ ఇట్టిదే: సమాచార మెంతయో, నిశ్చయమునకు హద్దు నంతయే.

కావున ఇంటి జమాఖర్చు వ్రాయు గృహిణియు, ఊరిలెక్క వ్రాయు నధికారియు, ‘ఇతరములు’ అను పద్దును చూచినపుడు ఒక్కక్షణ మాగవలెను. వితంతువు, వలసకూలి, భూమిలేనివాడు తఱచుగ నుండునది ఆ పద్దులోనే. శేషమును కనుగొనుట విద్య. ఆ శేషములో నున్నవారెవరో విచారించుట ధర్మము.