అభిమానం, ఔచిత్యం: ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రాలపై పాఠకుల అభ్యంతరాలు

ఒక గ్రంథాన్ని ప్రేమించినందువల్ల పాఠకుడికి దానిపై హక్కు సంక్రమిస్తుందా? ప్రసిద్ధమైన నవల చలనచిత్రంగా మారిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే ఉంది. పాత్ర మారిందనీ, ఘట్టం పోయిందనీ, కథ చెడిందనీ పాఠకులు వెలిబుచ్చే ఆగ్రహానికి సాధారణంగా ఒకటే సమాధానం వినిపిస్తుంది: చిత్రం వేరు, పుస్తకం వేరు, పుస్తకం ఎక్కడికీ పోలేదు, అలమరలోనే ఉంది. తర్కానికి ఇది నిలుస్తుంది గాని అభ్యంతరం చెప్పేవారి బాధను మాత్రం తాకదు. పుస్తకం పోయిందని వారెవరూ అనడం లేదు. మరి నష్టం దేనికి కలిగిందని వారి భావన? అది కేవలం అభిరుచికి తగిలిన దెబ్బా, లేక అందులో నైతికాంశం ఏదైనా ఉందా? జె.ఆర్.ఆర్. టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ఆధారంగా పీటర్ జాక్సన్ తీసిన మూడు చిత్రాలకు పాఠకుల నుంచి వచ్చిన స్పందన ఈ విచారణకు అనువైన ఉదాహరణ.

టోల్కీన్ నవల 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడింది. జాక్సన్ చిత్రాలు 2001, 2002, 2003లలో విడుదలయ్యాయి. మూడవదానికి 11 ఆస్కార్ పురస్కారాలు లభించాయి. నవలకూ చిత్రాలకూ నడుమ దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది. ఆ కాలంలో నవలను మళ్లీ మళ్లీ చదివి కంఠస్థం చేసుకున్నంత దగ్గరగా ఎరిగిన పాఠకవర్గం ఒకటి రూపొందింది. చిత్రాలను ఎక్కువగా ఆదరించినదీ, నిశితంగా తప్పుపట్టినదీ ఆ వర్గమే. అడవిలో పాడుకుంటూ తిరిగే టామ్ బాంబడిల్ చిత్రంలో లేడు. గాయపడిన ఫ్రోడో నది దాటే ఘట్టంలో నవలలోని గ్లోర్‌ఫిండెల్ స్థానాన్ని ఆర్వెన్ ఆక్రమించింది. హెల్మ్స్ డీప్ యుద్ధానికి నవలలో లేని ఎల్ఫ్ సైన్యం వచ్చింది. ఫారమిర్ స్వభావం మారింది. కొండమెట్ల మీద ఫ్రోడో తన మిత్రుడు సామ్‌ను వెళ్లగొట్టాడు. యుద్ధం ముగిసి తిరిగి వచ్చిన హాబిట్లు తమ ఊరినే శత్రువు నుంచి విడిపించుకోవలసి వచ్చిన అధ్యాయం పూర్తిగా తొలగిపోయింది. ఈ అభ్యంతరాలన్నీ ఒకే తూకానివి కావు. వాటిని ఒకే గాటన కట్టడం వల్లనే చర్చ ఎప్పుడూ మొదటి మెట్టు దాటదు.

ఈ విషయంలో రచయిత వైఖరి తెలియనిదేమీ కాదు. 1957–58లలో తన నవలకు ఒకరు సిద్ధం చేసిన చిత్రకథా ప్రణాళికను టోల్కీన్ చదివి సుదీర్ఘమైన ఆక్షేపణలు రాశాడు. 1981లో అచ్చయిన ఆయన లేఖల సంపుటిలో అవి ఉన్నాయి. గ్రద్దలను అవసరానికి మించి వాడుకోవడం, పోరాటాల మీద మోజు ఆయనకు నచ్చలేదు. అయితే కత్తిరింపును ఆయన సూత్రప్రాయంగా తిరస్కరించలేదు. ఎంట్‌లనే వృక్షరూపుల ఘట్టాన్నీ, హార్న్‌బర్గ్ కోట యుద్ధాన్నీ రెండింటినీ సరిగా చూపే వ్యవధి లేకపోతే ఒకటి వదిలేయమనీ, ప్రధానకథకు ప్రాసంగికమైనది గనుక యుద్ధాన్నే వదలమనీ ఆయన సూచన. జాక్సన్ రెండవ చిత్రానికి శిఖరంగా నిలిచినది సరిగ్గా ఆ యుద్ధమే! చిత్రం విషయంలో తనకు భారీ ప్రతిఫలమైనా దక్కాలి, లేదా అభ్యంతరకరమైన అంశాలపై నిషేధాధికారమైనా ఉండాలి అన్నది ఆనాడు ఆయన అనుసరించదలచిన విధానం. 1969లో చిత్రణ హక్కులను అమ్మాడు. కాబట్టి చట్టం దృష్టిలో జాక్సన్ రచయితకు ఋణపడిలేడు. పాఠకులతో ఆయనకు ఒప్పందమేదీ లేదు. ఋణమంటూ ఉంటే అది మరెక్కడో ఉండాలి.

పాఠకుడి బాధలో ఒక భాగాన్ని టోల్కీన్ ముందే ఊహించాడనవచ్చు. 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో అద్భుతకథలపై చేసిన ప్రసంగం, తరువాత 1947లో వ్యాసంగా అచ్చయింది. అక్షరం మనసు నుంచి మనసుకు పని చేస్తుందనీ, కొండ అన్నా నది అన్నా ప్రతి శ్రోతా తన అనుభవం నుంచి ఒక రూపాన్ని కల్పించుకుంటాడనీ, చిత్రం గాని నాటకం గాని ఒకే దృశ్యరూపాన్ని అందరిమీదా రుద్దుతుందనీ ఆయన అందులో ప్రతిపాదించాడు. పుస్తకం అలమరలో భద్రంగా ఉన్నా, చిత్రం చూసిన తరువాత దాన్ని తెరిచిన పాఠకుడికి ఆరగోర్న్ ముఖం ఒక నటుడి ముఖంగానే కనిపిస్తుంది. తెలుగువారికి ఈ అనుభవం కొత్తది కాదు. ‘మాయాబజార్’ తరువాత కృష్ణుణ్ణి ఎన్.టి. రామారావు ముఖం లేకుండా ఊహించుకోవడం కొన్ని తరాలకు సాధ్యం కాలేదు. అయితే ఈ వాదాన్ని మరీ దూరం లాగరాదు. జాక్సన్ తన చిత్రాల రూపకల్పనకు అలన్ లీ, జాన్ హోవ్‌లను నియమించుకున్నాడు. వారిద్దరూ అంతకు ముందే టోల్కీన్ రచనలకు బొమ్మలు గీసి పేరు పొందినవారు. అచ్చం తాము ఊహించినట్టే ఉందని ఆనందించిన పాఠకులలో చాలామంది ఊహలు అప్పటికే ఆ బొమ్మల నుంచి కొంత అప్పు తెచ్చుకున్నవి. కలుషితం కాని ఊహ అనేది పాఠకుడు ఎన్నడూ పూర్తిగా కలిగివున్న ఆస్తి కాదు.

ఆస్తి అన్న మాట ఇక్కడ ముఖ్యం. తెలుగులో ‘అభిమాని’ అన్న పదం ప్రేమను సూచిస్తుంది. సంస్కృతంలో ‘అభిమానం’ మరో దిక్కుకు కూడా చూస్తుంది. సాంఖ్యకారిక అహంకారాన్ని నిర్వచించినది అభిమానమనే మాటతోనే. ‘నేను, నాది’ అన్న భావన ఆ పదానికి పుట్టుకతో వచ్చిన లక్షణం. ఆలంకారికులు రసాస్వాదానికి విధించిన షరతు సరిగ్గా దీనికి ఎదురు. అభినవగుప్తుని నుంచి విశ్వనాథుని వరకు సాధారణీకరణాన్ని వివరించిన వారందరూ రసానుభవ సమయంలో నాది, పరాయిది అన్న పరిమితులు తొలగిపోతాయన్నారు. కావ్యాలను పదేపదే పరిశీలించడం వల్ల అద్దంలా నిర్మలమైన మనసు గలవాడు సహృదయుడు. పుస్తకాన్ని పదిసార్లు చదివిన అభిమానికి అభ్యాసం ఉంది. మమకారం కూడా ఉంది. మొదటిది అతణ్ణి సహృదయుణ్ణి చేస్తే రెండవది సహృదయత్వానికే అడ్డు వస్తుంది. ఒకే మనిషి నోట ఒకే సాయంత్రం ఈ రెండూ పలుకుతాయి. ఏది పలుకుతున్నదో గుర్తించడమే విమర్శకుడి పని.

మూలకథను మార్చే స్వేచ్ఛను భారతీయ కావ్యశాస్త్రం ఉదారంగానే ఇచ్చింది. ఇతివృత్తంలో ఉన్నదైనా రసానికి అనుగుణం కాని అంశాన్ని కవి విడిచిపెట్టవచ్చుననీ, రసోచితమైనదాన్ని కల్పించి చేర్చవచ్చుననీ ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో ఆనందవర్ధనుడు చెప్పాడు. కథను యథాతథంగా నడిపించడం కవికి ప్రయోజనమే కాదు. ఆ పని ఇతిహాసమే చేసింది. దశరూపకకర్త కూడా నాయకునికి గాని రసానికి గాని విరుద్ధమైనదాన్ని వదలమనో, మరో విధంగా కల్పించమనో అన్నాడు. కాళిదాసు దుర్వాసుని శాపాన్నీ ఉంగరాన్నీ కల్పించింది ఈ స్వేచ్ఛతోనే. వ్యాసభారతంలో లేని శశిరేఖను నాయికగా చేసి, పాండవులను ఒక్కసారైనా తెరపైకి రానివ్వకుండా కె.వి. రెడ్డి 1957లో భారతకథను చిత్రించారు. భారతం చెడిందని తెలుగు ప్రేక్షకులు బాధపడలేదు. దీనితో పోలిస్తే బాంబడిల్ లేకపోవడం చాలా చిన్న లోటు.

కాని ఆనందవర్ధనుడే ఒక హద్దు కూడా గీశాడు. రామాయణం వంటి సిద్ధరసమైన కథలలో రసవిరోధి అయిన స్వేచ్ఛను చేర్చరాదని ఆయన నియమం. నిషేధం మార్పు మీద కాదు, రసవిరోధం మీద. 2023 జూన్‌లో విడుదలైన ‘ఆదిపురుష్’ చిత్రంలో హనుమంతుని నోట పలికించిన మాటలపై వెల్లువెత్తిన నిరసన ఈ హద్దుకు సంబంధించినదే. నిర్మాతలు కొద్ది రోజులలోనే ఆ సంభాషణలను సవరించవలసి వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దపు నవల రామాయణంతో సమానం కాదన్నది నిజం. అయితే సిద్ధరసత్వం కాలం వల్ల మాత్రమే రాదు. ఒక పాత్ర ఒక ధర్మానికి పేరుగా పాఠకుల మనసులో స్థిరపడినప్పుడు, ఆ మేరకు ఆ పాత్ర సిద్ధరసమవుతుంది. ఫారమిర్ అటువంటి పాత్ర.

నవలలో ఫారమిర్ అన్న బోరోమిర్ ఉంగరంపై ఆశకు లోబడి పతనమవుతాడు. తమ్ముడు, అది ఏమిటో రూఢిగా తెలియకముందే, దారిలో పడి ఉన్నా దాన్ని తీసుకోనని చెబుతాడు. తెలిసిన తరువాత ఒక్క క్షణం ఉద్విగ్నత కలిగినా మాట నిలబెట్టుకుంటాడు. చిత్రంలో ఇతడు ఫ్రోడోను బందీగా ఓస్గిలియత్‌కు తీసుకుపోయి, ఆ తరువాత మనసు మార్చుకుంటాడు. లోకాన్నే లోబరుచుకునే ఉంగరాన్ని ఒకడు అంత సులభంగా కాదంటే దాని శక్తి ప్రేక్షకుల దృష్టిలో పడిపోతుందని చిత్రకథా రచయితలు సమర్థించుకున్నారు. ఇది తేలికగా తీసిపారేయదగిన వాదం కాదు. సంఘర్షణ లేని సద్గుణం నాటకానికి చప్పగా ఉంటుందన్న ఆందోళన దాని వెనుక ఉంది. అయినా ఒక పోలికతో దీన్ని పరీక్షించవచ్చు. కైకేయి సంపాదించి పెట్టిన రాజ్యాన్ని భరతుడు ముందు స్వీకరించి, సింహాసనంపై ఒక రోజు కూర్చుని, పిదప పశ్చాత్తాపంతో చిత్రకూటానికి బయలుదేరినట్లు ఒకరు తీస్తే? కథ ముగింపు మారదు, పాదుకలూ వస్తాయి. కాని భరతుడు పోతాడు. పశ్చాత్తాపపడినవాడు గొప్పవాడే కావచ్చు. అతడు వేరే రకపు గొప్పవాడు. ప్రలోభం అందరినీ ఒకేలా లాగదనీ, కొందరి వివేకం దాన్ని గడప దగ్గరే ఆపగలదనీ చెప్పే సాక్ష్యం ఆ మార్పుతో కథలోంచి తొలగిపోతుంది. ఫారమిర్ విషయంలో పాఠకులు పోగొట్టుకున్నది ఒక వివరం కాదు, మానవ స్వభావం గురించిన ఒక ప్రతిపాదన. తరువాత వచ్చిన విస్తృత ప్రతిలో తండ్రి నిరాదరణను చూపే దృశ్యం చేర్చి అతని ప్రవర్తనకు కారణం కల్పించారు. కారణం దొరికింది గాని ప్రతిపాదన తిరిగి రాలేదు.

దీని నుంచి అభ్యంతరాలకు ఒక గీటురాయి దొరుకుతుంది. నవల చదవని వ్యక్తికి కూడా హేతువుతో వివరించగలిగిన అభ్యంతరం ఔచిత్యానికి సంబంధించినది. ‘పుస్తకంలో అలా లేదు’ అన్న మాట దగ్గర ఆగిపోయేది అభిమానానికి సంబంధించినది. గ్లోర్‌ఫిండెల్ బదులు ఆర్వెన్ రావడంపై వచ్చిన ఆక్షేపణ ఎక్కువ భాగం రెండవ కోవలోనిది. స్త్రీపాత్రలు అతి తక్కువగా ఉన్న కథలో, చివర నాయకుణ్ణి పెళ్లాడబోయే స్త్రీని మొదటే పరిచయం చేయడం రసానికి అనుకూలమే. ఆమెను హెల్మ్స్ డీప్ యుద్ధంలో చూపే దృశ్యాలను కూడా చిత్రీకరించి, పిదప వదులుకున్నారు. ఆ వదులుకోవడం మేలే అయింది. చిత్రాలు చూసిన తరువాతనే నవల తెరిచిన పాఠకులకు ఈ గీటురాయి మరీ అవసరం. వారికి మూలం చిత్రమే. నవలే దారి తప్పినట్లు తోస్తుంది. ముందు చూసినదే మూలమనుకునే ఆ అలవాటుకు ఫారమిర్ గురించిన వాదం లొంగదు, ఎవరు ముందు ఏది చూసినా అది నిలుస్తుంది.

ఇదే దృష్టితో చూస్తే చిత్రాలలోని అతిపెద్ద మార్పు ముగింపులో ఉంది. నవలలో అగ్నిపర్వతం అంచున ఫ్రోడో ఓడిపోతాడు, ఉంగరం తనదేనంటాడు. గొల్లుమ్ అతని వేలు కొరికి ఉంగరం లాక్కుని, ఆనందంతో గంతులేస్తూ కాలుజారి పడతాడు. ఎవరూ తోయలేదు. మొదట బిల్బో, పిదప ఫ్రోడో, చివరకు సామ్ కూడా అతణ్ణి చంపగలిగీ దయతో వదిలిన ఫలితమే ఆ క్షణంలో లోకాన్ని కాపాడింది. నాయకుడి సంకల్పం విఫలమైన చోట పూర్వం చూపిన కరుణ పని చేసింది. చిత్రంలో ఫ్రోడో లేచి గొల్లుమ్‌తో పెనుగులాడతాడు; ఆ పెనుగులాటలో ఇద్దరూ అంచు దాటుతారు, ఒకడు పడిపోతాడు, ఒకడు వేలాడుతాడు. దృశ్యం ఉత్కంఠభరితం. కాని కరుణకు చెందవలసిన విజయంలో సగం ఘర్షణకు దక్కింది. ఎన్నో అద్భుత దృశ్యాలను నిష్ఠతో పునఃసృష్టించిన చిత్రంలో ఈ ఒక్క అడుగు ఇంత తేలికగా పడటం ఆశ్చర్యమే. టోల్కీన్ కుమారుడు క్రిస్టఫర్ 2012లో ఒక ఫ్రెంచి పత్రికకు ఇచ్చిన సంభాషణలో, తండ్రి రచన సారాన్ని తీసివేసి యువకుల కోసం పోరాట చిత్రంగా మార్చారని ఆక్షేపించాడు. మొత్తం చిత్రత్రయానికి ఆ మాట కఠినమే. ఈ ఘట్టం వరకు తీసుకుంటే దాన్ని కాదనడం కష్టం.

తొలగించిన ఊరి అధ్యాయం విషయంలో మాత్రం తీర్పు అంత సులభం కాదు. అది కథకు అత్యవసరమనీ, మొదటి నుంచీ ఊహించినదేననీ టోల్కీన్ రెండవ ముద్రణ ముందుమాటలో స్పష్టంగా చెప్పాడు. యుద్ధం దూరదేశంలో ముగియదు, ఇంటి గుమ్మం వరకు వస్తుందన్నది ఆ అధ్యాయపు భావం. చిత్రంలో ఊరు చెక్కుచెదరలేదు. నలుగురు హాబిట్లు తమ పాత మద్యశాలలో కూర్చుంటారు. చుట్టూ ఉన్నవారి చూపులన్నీ ఒక పెద్ద గుమ్మడికాయ మీద ఉంటాయి; వీరు ఎక్కడికి వెళ్లివచ్చారో ఎవరూ అడగరు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మాట లేకుండా పాత్రలు తాకించి తాగుతారు. నవలలో ఈ దృశ్యం లేదు.