కనికరమునకు కొలత యున్నదా?

జంషెడ్‌పూరు నగరమందు బారిడీహ్ అను పేట యున్నది. ఉక్కు కర్మాగారమును ఆశ్రయించి పెరిగిన ఆ నగరమునకు ఉత్తరాంధ్రమునుండి పనికై వెళ్లి అచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. బారిడీహ్‌లో మెర్సీ ఆసుపత్రి యున్నది. ఆ పేరునకు కనికరమని అర్థము. 2020లో ఆరంభమైన మణిపాల్ టాటా వైద్య కళాశాలయు అచ్చటనే యున్నది. ఆసుపత్రులున్నచోట మందుల దుకాణములుండుట సహజము. ఆ ప్రాంతమున అట్టి దుకాణమొకదానిలో ఒక తెలుగు విద్యార్థి నిలిచియున్నాడని ఊహింతము. అతడు ఫార్మసీ డిప్లొమా తరగతులు ముగించి, పట్టా పొందుటకు ముందు చేయవలసిన 500 గంటల శిక్షణలో ఉన్నాడు.

ఒక సాయంకాలము ఇద్దరు వచ్చిరనుకొందము. మొదట వచ్చినది నడివయస్సు దాటిన యొక స్త్రీ. ఆమె భర్త కర్మాగారములో పనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడు. ఇప్పుడు కాన్సరు అతని ఎముకలకు ప్రాకినది. ఆమె చేతనున్న చీటిలో వైద్యుడు మార్ఫిన్ మాత్రలు వ్రాసెను. విద్యార్థి తెలుగువాడని గ్రహించి, "బాబూ, మూడు రాత్రులైంది, ఆయన కన్ను మూయలేదు. నాలుగు కొట్లు తిరిగాను" అని ఆమె చెప్పెను. యజమాని చీటినైనను తాకక, "అది మత్తుమందు. అలవాటైతే వదలదు. మేము పెట్టము" అని పంపివేసెను. అరగంట గడచిన పిమ్మట ఒక యువకుడు వచ్చి, నడుము నొప్పియని చెప్పి, చీటి లేకుండగనే ట్రమడాల్ మాత్రలు రెండు స్ట్రిప్పులు అడిగెను. అతడు వారములో మూడవసారి వచ్చుచున్నాడు. యజమాని తల యెత్తక, డబ్బు లెక్కపెట్టుకొని, ఇచ్చివేసెను.

యజమానిని అడిగినయెడల, మొదటిదానిలో జాగ్రత్త చూపితిననియు, రెండవదానిలో జాలి చూపితిననియు చెప్పును. విద్యార్థి మనస్సు మాత్రము నెమ్మది పొందదు. ఎవనికి ఇయ్యవలసియుండెనో వానికి ఇయ్యలేదు. ఎవనికి ఇయ్యరాదో వానికి ఇచ్చిరి. ఇది ఎట్లు జరిగెను? కనికరమునకు కొలత యున్నదా? ఉన్నయెడల దానిని ఎవరు నేర్పుదురు?

మందు అను మాటనే ఆలోచింతము. తెలుగులో రోగిని బాగుచేయునది మందు. మత్తు కలిగించు మద్యమును జనులు మందనియే అందురు. ఒకని మనస్సును వశపరచుకొనుటకు రహస్యముగా ఏదైన తినిపించినయెడల 'మందుపెట్టిరి' అందురు. గ్రీకు భాషయందును ఇట్లే. 'ఫార్మకాన్' అను పదమునకు ఔషధమనియు విషమనియు రెండర్థములు కలవు. ఫార్మసీ అను మాట దాని సంతతియే. గలతీయులకు వ్రాయబడిన పత్రిక అయిదవ అధ్యాయములో శరీరకార్యముల నడుమ 'ఫార్మకేయా' అను పదమున్నది. తెలుగు బైబిలు దానిని అభిచారమని అనువదించెను. ఆ వాక్యము వైద్యమును ఖండించుట లేదు. వైద్యుడైన లూకాను పౌలు ప్రియుడని పిలిచెను గదా! ఒకే వేరునుండి స్వస్థతయు దాస్యమును పుట్టగలవని మాత్రము ఆ పదము మనకు జ్ఞాపకము చేయుచున్నది.

సామెతల గ్రంథము కడపటి అధ్యాయములో ఒక తల్లి తన కుమారుడైన రాజునకు ఉపదేశించుచు, మద్యము రాజులకు తగదని, త్రాగినవారు దీనుల న్యాయమును మరతురని హెచ్చరించును. ఆమెయే మరుక్షణమున, నశించుచున్నవానికిని మనోవేదన గలవానికిని దానిని ఇయ్యుమని చెప్పును. ఆమె మాట మార్చుకొన్నదా? లేదు. ద్రవ్యము ఒకటే, ఎదుటనున్న మనుష్యుడు వేరు. ఆమె మొదట చూచినది పాత్రను కాదు, మనుష్యుని.

నల్లమందు చరిత్ర యంతయు ఈ వివేచన కొరత వలన కలిగిన కష్టముల చరిత్రయే. పందొమ్మిదవ శతాబ్దారంభమున జర్మనీ దేశస్థుడైన సెర్ట్యూర్నర్ అను యువ ఔషధ సహాయకుడు నల్లమందునుండి మార్ఫిన్‌ను వేరుచేసెను. తీవ్రమైన కాన్సరు నొప్పికి అది నేటికిని ముఖ్యమైన మందు. మన దేశము ఔషధముల కొరకు ప్రభుత్వానుమతితో గసగసాలు పండించి నల్లమందు తీయు దేశము. అయినను 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చిన తరువాత, కఠిన శిక్షలకును అనేక లైసెన్సులకును భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుట మానుకొనెను. 1997 నాటికి దేశమంతటిలో వైద్యమునకు వాడబడిన మార్ఫిన్ 18 కిలోగ్రాములకు పడిపోయెను. పండ్రెండేండ్లలో దాదాపు 97 శాతము తగ్గిపోయెనన్నమాట. నొప్పి మాత్రము తగ్గలేదు. ఒక తరము వైద్యులును ఫార్మసిస్టులును ఆ మందును చూడకయే చదువు ముగించిరి. యజమాని నోట వచ్చిన మాట ఆ తరము నేర్చుకొన్న భయమే.

ఈ భయమును ఎదుర్కొనినవారును ఉన్నారు. 1993లో కేరళలోని కోళిక్కోడులో డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు నొప్పి నివారణ సంఘమును స్థాపించిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రియందును అట్టి సేవ వేరూనెను. 2014లో చట్టము సవరింపబడి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు మార్ఫిన్ మొదలగు ఆరు అత్యవసర మందుల విషయమై మార్గము సులభమయ్యెను. అయినను 2017లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘము, భారతదేశమునకు కావలసిన నొప్పి మందులో సుమారు 4 శాతమే రోగులకు అందుచున్నదని తేల్చెను.

ఇక రెండవ ప్రక్క. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము దేశములో 2 కోట్లకు పైగా జనులు నల్లమందు జాతి పదార్థములను వాడుచున్నారు. వారిలో పలువురు వాడునవి మందుల దుకాణములలో దొరకునవే. ట్రమడాల్ దుర్వినియోగము పెరుగుటచేత దానిని 2018లో మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చిరి. జంషెడ్‌పూరునకు దూరము కాని ఖూంటీ జిల్లా లోయలలో చాటుగా పండించిన గసగసాల చేలను అధికారులు ధ్వంసము చేయుచున్న వార్తలు జార్ఖండ్‌లో క్రొత్తవి కావు.

అమెరికా అనుభవము ఇంకను గంభీరము. 1996లో ఒక కంపెనీ ఆక్సికాంటిన్ అను మాత్రను విపణిలోనికి తెచ్చి, దానివలన వ్యసనము కలుగుట అరుదని ప్రచారము చేసెను. ఆ మందును గూర్చి జనులను మోసపుచ్చితినని 2007లో న్యాయస్థానము ఎదుట ఒప్పుకొనెను. చీటీలు విరివిగా వ్రాయబడెను, మాత్రలు విరివిగా ఇయ్యబడెను. వ్యసనపరులైనవారు అనేకులు పిమ్మట హెరాయినుకును అక్రమ ఫెంటనిల్‌కును లోబడిరి. 2021 ఒక్క సంవత్సరములోనే మితిమీరిన మత్తుపదార్థముల వలన ఆ దేశమున లక్షమందికి పైగా మరణించిరి. అంతట భయము కలిగెను. 2016లో వెలువడిన జాగ్రత్త సూచనలను కొందరు కఠిన శాసనముగా గైకొని, ఏండ్ల తరబడి మందుపై నున్న రోగులకు ఒక్కసారిగా ఆపివేసిరి. వారు మిగుల బాధపడిరి. కావున 2022లో ఆ సూచనలను సవరించి, ప్రతి రోగిని వేరువేరుగా చూడుడని చెప్పవలసివచ్చెను. ఒక సముద్రమునకు ఆవల మితిలేని జాలి, ఈవల మితిలేని భయము! జాలి విఫలమైనచోట భయము వచ్చెను. భయము పాలించినచోట చాటుమాటు వ్యాపారము పెరిగెను.

ఈ రెండును ఒకదానికొకటి విరోధములని తలంచుట పొరపాటు. అవి రెండును మనుష్యుని ముఖము చూడనొల్లని మనస్సునుండియే పుట్టుచున్నవి. యజమాని ఆ స్త్రీ చీటిని చూడలేదు. ఆ యువకుని కన్నులను చూడలేదు. చూచినయెడల శ్రమ పడవలసివచ్చును, అడుగవలసివచ్చును, ఒకనికి దారి చూపవలసివచ్చును, మరియొకనికి కాదనవలసివచ్చును. యెరికో త్రోవలో సమరయుని ప్రేమకు మొదటి మెట్టు చూచుటయే. యాజకుడును లేవీయుడును చూచి ప్రక్కగా పోయిరి. ఇతడు చూచి దగ్గరకు వచ్చెను. అతడు నూనెయు ద్రాక్షారసమును పోసి వెళ్లిపోలేదు. గాయములు కట్టెను, పూటకూళ్లవానికి అప్పగించెను, సొమ్ము లెక్కపెట్టి ఇచ్చెను, మరల వచ్చి లెక్క చూచెదనని మాట ఇచ్చెను. అతని కనికరమునకు కొలతయు లెక్కయు ఉండెను. అందుచేత అది తక్కువ కాలేదు, సంపూర్ణమయ్యెను.

కావున ఫార్మసీ విద్యార్థికి ఏమి నేర్పవలెను? మందుల పేర్లు, మోతాదులు నేర్పుట చాలదు. 1948 నాటి ఫార్మసీ చట్టము వైద్యుని చీటిపై మందిచ్చు పనిని నమోదైన ఫార్మసిస్టుకే అప్పగించినది. అది గౌరవము, భారము కూడ. ట్రమడాల్ వంటి మందులకు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము వ్రాసియుంచు ప్రత్యేక పుస్తకమును మూడేండ్లు భద్రపరచవలెనని నియమము. ఆ పుస్తకము పోలీసుల కొరకే అని నేర్చుకొన్నవాడు దానిని కల్పించి నింపును. అది పొరుగువాని ప్రాణమునకు లెక్కయని నేర్చుకొన్నవాడు నిజము వ్రాయును. దొంగత్రాసు దేవునికి హేయమని విన్న క్రైస్తవునకు ఈ భేదము తెలియకపోదు.

అతనికి మాటలాడుట నేర్పవలెను. మార్ఫిన్‌ను నొప్పి వచ్చినప్పుడు కాక, వైద్యుడు చెప్పిన వేళలకు వేయవలెనని. మలబద్ధకము తప్పక కలుగును గనుక దానికి వేరు మందు ఉండవలెనని. మద్యముతోను, వైద్యునికి తెలియని నిద్రమాత్రలతోను కలిపినయెడల శ్వాస మందగించి ప్రాణాపాయము కలుగునని. పిల్లలకు అందకుండ తాళము వేసియుంచవలెనని రోగి ఇంటివారికి ఓర్పుతో చెప్పగలుగవలెను. శరీరము మందునకు అలవాటుపడుట వేరు, మనస్సు దానికి దాసియగుట వేరని వివరింపవలెను. ఈ నాలుగు మాటలు చెప్పుటకు అయిదు నిమిషములు చాలును. చెప్పనియెడల ఒక కుటుంబము భయముచేత సీసాను బీరువాలో దాచి, రోగిని మూలుగనిచ్చును.

కాదనుటను కూడ నేర్పవలెను. ఇది మిక్కిలి కష్టమైన పాఠము. 'నేను ఇయ్యకపోయిన ప్రక్క కొట్టువాడు ఇచ్చును' అను వాదము ఒకటి యున్నది. ప్రక్కవాని పాపము మన చేతిని శుద్ధిచేయదు. అయితే కాదనుట తరిమివేయుట కాకూడదు. మూడవసారి వచ్చిన ఆ యువకుడు దొంగ కాడు, రోగి. నొప్పి కంటికి కనబడదు గనుక విద్యార్థి ఒక్కొకప్పుడు మోసపోవును, ఒక్కొకప్పుడు నిజమైన బాధితుని అనుమానించును. పొరపాటు లేని మార్గము ఎవరికిని ఇయ్యబడలేదు. అడుగుట, వ్రాసిన వైద్యునికి టెలిఫోను చేయుట, వ్యసనమునకు చికిత్స యున్నదని, మందుల చేతనే క్రమముగా విడిపించు కేంద్రములున్నవని చెప్పుట అతని చేతిలో ఉన్నవి. పౌలు ఫిలిప్పీయుల కొరకు ప్రార్థించినప్పుడు వారి ప్రేమ పెరుగవలెనని మాత్రమే అడుగలేదు. తెలివితోను అనుభవజ్ఞానముతోను కూడి పెరుగవలెనని అడిగెను.

సంఘమును ఇందు బాధ్యత లేనిది కాదు. సిలువయొద్ద మన ప్రభువు తనకు అందింపబడిన మత్తు కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదు గనుక, నొప్పిని మందు లేకుండ సహించుటయే భక్తియని రోగులకు చెప్పువారున్నారు. ఆయన నిరాకరించినది తన పాత్రను. పరుల నొప్పిని సహించుమని ఆయన ఏ రోగితోను చెప్పి పంపలేదు, ముట్టి బాగుచేసెను. మంచముపైనున్నవాని మూలుగును మన భక్తికి పాఠముగా వాడుకొనుటకు మనకు అధికారము లేదు.

ఆ దుకాణమునకు మరల పోవుదము. విద్యార్థి యజమాని కాడు. అతని శిక్షణ పత్రముపై సంతకము చేయవలసినవాడు యజమానియే. ఎదిరించినయెడల ఆ సంతకము దొరకకపోవచ్చును. అయినను ఆ స్త్రీ ఇంకను వీధి మలుపు దాటలేదని అనుకొందము. మార్ఫిన్ ఆ దుకాణములో లేకపోవుట నిజమే. నగరమందు కాన్సరు ఆసుపత్రి యున్నది. గుర్తింపు పొందిన సంస్థలు ఏవో కనుగొనవచ్చును. అతడు పరుగెత్తి, "అమ్మా, ఆగండి. ఇక్కడ లేదు గాని, ఎక్కడ దొరుకునో వైద్యునికి ఫోను చేసి అడుగుదాము. భయపడకండి, సరిగా వాడితే అది మంచి మందే" అని చెప్పగలడు. మరునాడు ఆ యువకుడు వచ్చినప్పుడు, కన్నులెత్తి చూచి, "చీటి లేనిదే ఇయ్యలేను, కూర్చొనుము, నీతో మాటలాడవలెను" అని చెప్పగలడు. రెంటికిని ఒకే ప్రేమ కావలెను. ఆ ప్రేమ ఒకనికి మందు దొరకు చోటు చూపును, మరియొకనికి మందు నిరాకరించును. ఇద్దరిలో ఎవనిని వట్టి చేతులతో పంపదు.

కనికరమునకు కొలత యున్నదా? దేవుని హృదయములో లేదు. మన చేతిలో మాత్రము ఉండవలెను. ఏలయనగా మనము ఇచ్చునది ఒకని శరీరములో ప్రవేశించును. చదువరీ, నీవు ఫార్మసిస్టువు కాకపోవచ్చును. అయినను నీ ఇంటి బీరువాలో ఎవరికో మిగిలిన మాత్రలున్నవేమో చూడుము. నీ వీధిలో నొప్పితో మేలుకొనియున్నవాడు ఎవడో, మత్తుతో నిద్రించుచున్నవాడు ఎవడో విచారించుము. ఇద్దరి తలుపును తట్టుము.