ముందు ఏది కనపడాలి?

పట్టుచీర పరిచేవాడు ముందు కొంగు చూపిస్తాడు. ధర చీటీ మడతలో ఎక్కడో ఉంటుంది. దాచాడనలేం, ఉంది కదా! కానీ మన చూపు ముందు ఎటు పోవాలో నిర్ణయించింది అతనే.

కంప్యూటర్ తెరమీద పేజీలు తీర్చిదిద్దేవాళ్ళ పని కూడా ఇదేననిపిస్తుంది నాకు. ఆర్చ్ లినక్స్ వాడేవాళ్ళందరికీ ఎ.యు.ఆర్. అని ఒక ఉమ్మడి భాండాగారం ఉంది. అందులో ఉండేవి సాఫ్ట్‌వేర్లు కావు, వాటిని ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలో, ఎలా కూర్చుకోవాలో చెప్పే తయారీ చీటీలు. వంటల పుస్తకంలో కాగితాల్లాంటివన్నమాట. ఎవరైనా రాసిపెట్టచ్చు. జీతంభత్యం లేవు. రాసినవారు ఓపిక లేక తప్పుకుంటే ఆ చీటీని ‘అనాథ’ అంటారు. ఇంకొకరెవరైనా దాన్ని ‘దత్తత’ చేసుకోవచ్చు. యంత్రాల లోకంలో ఎంత మెత్తని మాటలో చూడండి!

2018 జులైలో ‘అక్రోరీడ్’ అనే అనాథ చీటీని ఎవరో అలాగే దత్తత చేసుకుని, అందులో విషం కలిపారు. 2025 జులైలోనూ బ్రౌజర్ల పేర్లు తగిలించుకుని మూడు దొంగ చీటీలు వచ్చాయి. రెండు రోజుల్లో వాటిని తీసేశారనుకోండి.

ఈ భాండాగారం పేజీ పాతకాలంగా ఉంది, ముస్తాబు చెయ్యాలి అంటారు కొందరు. చెయ్యండి, కాదన్నదెవరు? అయితే అసలు పేచీ రంగులతో కాదు, ఓట్లతో. చీటీ నచ్చినవాళ్ళు ఓటేస్తారు. చేతులు మారినా ఆ ఓట్లు చీటీతోనే ఉండిపోతాయి. పాత వంటవాడు సంపాదించిన పేరు బోర్డుమీద అలాగే ఉంటుంది, లోపల పొయ్యి దగ్గర కొత్తవాడు! చీటీలో ఏముందో చదివి చూసుకోమని పెద్దలు చెబుతూనే ఉన్నారు. ఆ చీటీ మాత్రం పక్కనున్న ఒక లింకు నొక్కితే గాని కనపడదు. ఓట్ల అంకె అడక్కుండానే కంట్లో పడుతుంది.

ఓట్ల పక్కనే, అంత అక్షరాల్లోనే, చీటీ చేతులు మారిన తేదీ కూడా వెయ్యాలంటాను నేను.

“దిక్కులేనిదాన్ని జాలిపడి చేరదీసినవాళ్ళని దొంగల్లా చూపిస్తారా?” అని అడగచ్చు మీరు. నిజమే, దత్తత చేసుకునేవాళ్ళలో ఎక్కువమంది మంచివాళ్ళే. మనసు కష్టపెట్టుకుని ఒకరిద్దరు మానేసినా నష్టమే. కానీ తేదీ నింద ఎలా అవుతుందండీ? కొత్త డాక్టరు ఎప్పుడొచ్చారని ఆస్పత్రిలో అడిగితే ఆయన్ని అవమానించినట్టా?

తయారీ చీటీ ముందు పెడితే బి.ఎ. చదివిన నాకు ఒక్క ముక్క బోధపడదు. తేదీ అయితే చదవగలను.