లెక్కకు అందినవాళ్ళు

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా మొదలైందని చెప్పుకుంటాం. అంతకు కొన్నేళ్ళ ముందే, 1980ల చివర్లో, ప్రభుత్వం నిక్‌నెట్ అనే ఉపగ్రహ నెట్‌వర్క్‌తో జిల్లా కేంద్రాలను ఢిల్లీకి కలపడం మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్ కూడా అలాంటి జిల్లా కేంద్రమే.

ఆ ఏళ్ళలోనే పాలమూరు లేబర్ ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పనులకు బొంబాయి దాకా వలస పోయేవాళ్ళు. ఇంటికి కబురు చేరాలంటే ఉత్తరమో, ఊరికి తిరిగొచ్చే మనిషో దిక్కు. తర్వాత ఎస్టీడీ బూతులొచ్చాయి. రాత్రి పొద్దుపోయినంక ఛార్జీ తగ్గేదాకా ఆగి, మీటరు మీద ఒక కన్నేసి మాట్లాడేవాళ్ళు.

జిల్లా లెక్కలకు ఆకాశంలో దారి దొరికింది. జిల్లా మనిషి మాట మాత్రం బస్సెక్కి పోవాల్సిందే. మరి ఆ జిల్లా 'కనెక్ట్' అయినట్టా, కానట్టా?

లెక్కలు దండగ అనను. కరువు లెక్క పైకి పోకపోతే సాయం కిందికి రాదు. కానీ లెక్కలోని మనిషి గురించి ఎప్పుడూ ఇంకొకరే చెప్తారు. అది తప్పని చెప్పడానికి అతనికి అందులో చోటుండదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఆ తేడా పోయిందిలే అనిపిస్తుంది. రేషన్ షాపులో వేలిముద్ర పడని ముసలమ్మను తలుచుకోండి. ఆమె వివరాలన్నీ సర్వర్‌లో ఉన్నాయి. 'నేనే బిడ్డా' అన్న ఆమె మాట చెల్లదు.

అందుకే ఏ నెట్‌వర్క్ గురించైనా స్పీడు కంటే ముందు నేను అడిగేది ఒకటే: అటు చివర ఉన్నవాళ్ళు ఇందులో ఎదురు ప్రశ్న వేయగలరా?