మంచు లోయలో మిగిలిన మన ఉత్తరం



ఉపాసకులారా, ఉపాసికలారా,

బుద్ధగయ, దీక్షాభూమి చూసొచ్చాక కొందరికి హిమాలయాల్లోని బౌద్ధ గ్రామాలు కూడా చూడాలనిపిస్తుంది. పోండి, మంచిదే. కానీ అక్కడ ఏం చూడాలో తెలుసుకొని పోండి.

హిమాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దున స్పితి లోయ ఉంది. చలికాలంలో కుంజుం కనుమ నెలల తరబడి మంచుతో మూసుకుపోతుంది. అట్లాంటి చోట క్రీ.శ. 996లో తాబో విహారం కట్టారు. మట్టిగోడలు. 1975 భూకంపంలో దెబ్బతిన్నా నిలబడ్డది. కీ విహారమైతే 4,000 మీటర్లకు పైన గుట్ట మీద ఉంది. కింది ఊళ్లల్లో బార్లీ, బఠానీ పండించే ఇండ్ల నుంచే పిల్లలు భిక్షువులవుతారు.

టిబెటన్ భాషలో దాచిన గ్రంథాల్లో ఒకటి మనదే. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే ‘సుహృల్లేఖ’, అంటే స్నేహితుడికి ఉత్తరం. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు దాన్ని కంఠస్థం చేసేవారని రాశాడు. తర్వాత ఆ సంస్కృత మూలమే మన దగ్గర లేకుండా పోయింది. టిబెటన్, చైనా అనువాదాల్లో మిగిలింది.

ఇక మన ఇంటి పక్కన చూడండి. పాత మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940ల మొదట్లో గులాం యజ్దానీ తవ్వకాలు జరిపిస్తే శాతవాహనుల కాలపు పట్నం, బౌద్ధ కట్టడాల పునాదులు బయటపడ్డాయి. ఇటుక మిగిలింది. ధమ్మం చెప్పే నోరు మిగల్లేదు.

ఎందుకిట్లా అయింది? ఒక కారణం బాబాసాహెబ్ చెప్పారు. సంఘంలో చేరే భిక్షువుకు దీక్ష ఉండేది, ఇంట్లో ఉండే ఉపాసకుడికి వేరే ధమ్మదీక్ష లేదు. అది పెద్ద లోపమన్నారు. అందుకే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది మామూలు జనానికి దీక్షనిచ్చి, 22 ప్రతిజ్ఞలు చేయించారు. అంటే ధమ్మాన్ని కాపాడే బాధ్యత ఇప్పుడు మన గడపలోనే ఉంది.

అట్లని అక్కడిదంతా మనకు ఆదర్శం కాదు. చక్రం తిప్పితే పుణ్యం వస్తుందని మనం నమ్మం. పొరుగున లడఖ్ బౌద్ధుల్లో వాయిద్యాలు వాయించే మోన్, బేడా కుటుంబాలను తక్కువగా చూసే అలవాటుంది. డప్పు కొట్టిన చేతులు మనవి, ఆ బాధ మనకు వేరే చెప్పాలా? బుద్ధుని బొమ్మ ఉన్నచోటల్లా సమానత్వం ఉందనుకోవద్దు. ఎవరి పక్కన ఎవరు కూర్చొని తింటున్నారో చూడండి. మన వాడల్లోనూ అదే చూసుకోండి.

పోయే స్తోమత లేనివాళ్లు బాధపడొద్దు. పోయొచ్చినవాళ్లు ఫొటోలు చూపించి ఊరుకోవద్దు. ఆదివారం పదిమంది కూర్చొని ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ ఒక్క పేజీ అయినా చదవండి. చదువు రాని అవ్వకు అర్థమయ్యేట్టు పిల్లలతో చెప్పించండి. ఒకసారి పోగొట్టుకున్నం. మళ్లీ పోగొట్టుకుంటే దాచిపెట్టడానికి ఇంకో లోయ లేదు.

జై భీమ్!