తగ్గింది సరే, దేనివల్ల?

పెద్దాపురంలో మందుల షాపు పెట్టుకున్నవాడికి వేదాంతం తప్పదు. "దీంతో తగ్గుద్దాండీ?" అని అడిగినవాడే, తగ్గాక వచ్చి ఆ ఘనత ఎవరిదో కూడా చెప్పిపోతాడు. ఒకరికి హోమియో, ఒకరికి పసరు, ఒకరికి మరిడమ్మ తల్లి. నా దగ్గర కోర్సు మొత్తం కొని వాడినవాళ్లు కూడా!

కామెర్ల సంగతే చూడండి. మావైపు కామెర్లంటే ముందు పసరు, ఆపైన ఉప్పూకారం లేని పథ్యం. నీళ్లవల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. ఆ వారాల్లో రోగి ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్లకే. పసరు తాగకపోతే ఏమయ్యేదో చూసుకోడానికి మనిషికి రెండో ఒళ్లు లేదు. వైద్యాల మధ్య తగాదాలన్నీ ఆ లేని ఒంటి గురించే.

హానెమాన్ 1790లో సింకోనా బెరడు తానే తిని చూసి, ఏ మందు ఏ లక్షణాలు పుట్టిస్తుందో ఆ మందే వాటిని పోగొడుతుందన్నాడు. ఆ వైద్యానికి గోదావరి జిల్లాల్లో మంచి ఆదరణ. రాజమండ్రి ప్రభుత్వ హోమియో కాలేజీకి అల్లు రామలింగయ్య గారి పేరుంది; ఆయన సినిమాల్లో నవ్విస్తూనే హోమియో మందులిచ్చిన మనిషి. లెక్కేస్తే, పదేపదే పలచన చేసిన 30 పొటెన్సీలో అసలు మందు అణువు ఒక్కటి కూడా మిగలదు. నేను లెక్కవైపే. కానీ నిద్ర, దాహం, దిగులు అన్నీ అరగంట కూర్చోబెట్టి అడిగే ఓపిక హోమియో డాక్టరుకున్నంత ఇంగ్లీషు వైద్యుడికి ఉండదు.

దేనివల్ల తగ్గిందో తెలియని ఈ చిక్కు యల్లాప్రగడ సుబ్బారావుకు ప్రాణం మీదికే వచ్చింది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసులో ఇంగ్లీషు వైద్యం నేర్చాడు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తనకూ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేదంతో గట్టెక్కాడు. ఆయన ఆయుర్వేద కాలేజీలోనే పాఠాలు చెప్పాడు కూడా. ఇంకొకరైతే జన్మంతా చూర్ణాలు నూరుతూ ఉండిపోయేవారు. సుబ్బారావు అమెరికా ఓడెక్కాడు. అక్కడ లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ స్ప్రూకే మందైంది. మన డెల్టాలో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన మాత్ర కూడా ఆ ప్రయోగశాలదే. బతికించిన వైద్యానికి రుణపడటం వేరు, అది ఎలా పనిచేసిందో తెలియడం వేరు. నాకు అర్థమైనంతలో ఆయన మొదటిదాన్ని రెండోదిగా పొరబడలేదు.

చరక సంహిత ఎప్పుడో చికిత్సను మూడుగా విడదీసింది. మొక్కులూ మంత్రాలూ దైవవ్యపాశ్రయం, ఆహారమూ ఔషధమూ యుక్తివ్యపాశ్రయం, మనసును అదుపులో పెట్టడం సత్వావజయం. మూడింటినీ ఒకే సీసాలో పోసి కలిపేది మనమే.

మశూచికి మనవాళ్లు పెట్టిన పేరే అమ్మవారు. 1977లో దేశంలో ఆ జబ్బు లేదని ప్రకటించారు. పోగొట్టింది టీకా, అందులో నాకు అనుమానం లేదు. అయినా ఆషాఢంలో నెల పొడుగునా మా ఊరి అమ్మవారు మరిడమ్మ జాతర నిండుగానే ఉంటుంది. "జబ్బే పోయాక దేవతెందుకయ్యా?" అంటాడు నా హేతువాది స్నేహితుడు. తల్లిని మందనుకుంటే ఆ ప్రశ్న సరైనదే. కానీ టీకాకి చలిమిడి పెట్టలేం, మాత్రకి మొక్కు చెల్లించలేం. బిడ్డ బతికిన ఆడమనిషికి దణ్ణం పెట్టుకోడానికి ఒక ముఖం కావాలి. అట్టపెట్టె మీద కంపెనీ పేరు అందుకు చాలదు.

భక్తి అక్కడుంటే నాకు పేచీ లేదు. జాతర నెలలో ఇన్సులిన్ మానేస్తానన్న ఒకావిడతో మాత్రం కౌంటరు మీదే తగాదా పడ్డాను.

"అమ్మ చూసుకుంటుంది బాబూ."

"ఇన్సులిన్ మానమని అమ్మ చెప్పిందా పిన్నిగారూ? ఈసారి వెళ్లినప్పుడు అడగండి."

ఎగాదిగా చూసి, సీసా తీసుకుంది. బిల్లులో పది రూపాయలు తగ్గించమని మాత్రం అమ్మవారి పేరు చెప్పే అడిగింది. తగ్గించాను.